అబద్ధ సాక్ష్యము పలుకని కళ



ఈ వారం మనం ధ్యానించబోయే సంగతి మీలో కొందరికి కొత్తగా ఉండవచ్చు. కళకూ సత్యానికీ సంబంధం ఏమిటి? ఒక పాట గానీ, ఒక బొమ్మ గానీ, ఒక పద్యం గానీ సమాజాన్ని మార్చగలదా? ఇది పండితులు చర్చించుకునే విషయం, మనకెందుకు అనుకోవద్దు. మనం వారం వారం పాటలు పాడుతున్నాం. క్రిస్మస్ వచ్చిందంటే యౌవనస్థులు నాటకం వేస్తారు. సండేస్కూలు పిల్లలకు రంగుల బొమ్మలు చూపించి కథ చెబుతాం. కూటాల్లో బుర్రకథ చెప్పించిన రోజులు పెద్దలకు జ్ఞాపకమే. కళ లేకుండా సంఘం ఒక్క వారమైనా గడపడం లేదు. అలాంటప్పుడు ఆ కళ నిజం చెబుతోందా, అబద్ధం చెబుతోందా అని అడగవలసిన బాధ్యత మన మీద ఉంది.

నిర్గమకాండము 20:16లో పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదని దేవుడు ఆజ్ఞాపించాడు. ఈ ఆజ్ఞ న్యాయస్థానంలో బోనెక్కిన వారికే అనుకుంటాం. కానీ పాట కూడా సాక్ష్యమే. బొమ్మ కూడా సాక్ష్యమే. నాటకంలో ఒక పాత్రను నిలబెట్టి "మనుషులు ఇలా ఉంటారు" అని చూపించినప్పుడు మనం సాక్ష్యం చెబుతున్నాం. కాబట్టి ఈ ఆజ్ఞ కళకు కూడా వర్తిస్తుంది.

ఒకే బంగారం, రెండు పనులు

కొందరు విశ్వాసులు కళ లోకసంబంధమైనదనీ, వాక్యం ఒక్కటే చాలుననీ అంటారు. ఆ వాక్యమే ఏమంటుందో చూడండి. నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు యూదా గోత్రికుడైన బెసలేలును పేరుపెట్టి పిలిచాడు. తన ఆత్మతో అతణ్ణి నింపి, బంగారు పనికీ, వెండి పనికీ, రత్నాలు చెక్కడానికీ, చెక్కపనికీ కావలసిన నేర్పు ఇచ్చాడు. దేవుని ఆత్మతో నింపబడ్డాడని బైబిలు మొట్టమొదట పేరుతో సహా చెప్పింది ఒక ప్రవక్తను గురించి కాదు, ఒక పనివాణ్ణి గురించి.

అయితే పేజీ తిప్పగానే 32వ అధ్యాయంలో బంగారు దూడ కనబడుతుంది. అహరోను ప్రజల చెవిపోగులు తెప్పించుకొని, పనిముట్టుతో రూపుదిద్ది దూడను చేశాడు. తరువాత 35వ అధ్యాయంలో అదే ప్రజలు చెవిపోగులు, ఉంగరాలు తెచ్చి ప్రత్యక్షపు గుడారం కోసం ఇచ్చారు. అదే ఐగుప్తు బంగారం. అదే చేతిపని. ఒకటి విగ్రహమైంది, ఒకటి దేవుని సన్నిధికి గుడారమైంది. కాబట్టి కళ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. అది దేనికి సాక్ష్యం చెబుతోంది అన్నదే అసలు ప్రశ్న.

తత్వవేత్తలు ఏమన్నారు?

క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త ప్లేటో "రిపబ్లిక్" అనే గ్రంథంలో కవులను అనుమానించాడు. వడ్రంగి చేసిన మంచం అసలు భావానికి నకలు, చిత్రకారుడు వేసిన మంచం ఆ నకలుకు నకలు అన్నాడు. కళ సత్యానికి దూరంగా ఉంటుందనీ, మనసులోని ఆవేశాలను రెచ్చగొడుతుందనీ భయపడ్డాడు. ఆ భయంలో కొంత న్యాయం ఉంది. మనుషులను మత్తులో ముంచిన పాటలు, ద్వేషంలోకి నడిపించిన బొమ్మలు లోకం చాలా చూసింది.

ఇరవై మూడు శతాబ్దాల తరువాత రష్యా రచయిత టాల్‌స్టాయ్ "కళ అంటే ఏమిటి?" అనే పుస్తకం రాశాడు. అది 1898 నాటికి అచ్చయింది. కళకు అందం కొలబద్ద కాదని ఆయన వాదించాడు. ఒకరి అనుభూతి మరొకరికి అంటుకోవడమే కళ అన్నాడు. మనుషులను సహోదరులుగా కలిపేదే మంచి కళ అన్నాడు. ఈ మాట మనకు దగ్గరగా ఉంది. కానీ ఒక చిక్కుంది. బంగారు దూడ చుట్టూ ఆడినవారికి కూడా ఒకరి ఉత్సాహం మరొకరికి అంటుకుంది. వారు కూడా కలిసే ఉన్నారు! అనుభూతి ఎంత బలంగా ఉన్నా, అది నిజమని ఎలా చెప్పగలం? దీనికి బైబిలు వాదంతో కాదు, ఒక సంఘటనతో జవాబిస్తుంది.

నాతాను చెప్పిన కథ

2 సమూయేలు 12వ అధ్యాయం తెరవండి. దావీదు బత్షెబను తీసుకున్నాడు. ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో పెట్టించి చంపించాడు. నెలలు గడిచాయి. రాజు మనస్సాక్షి నిద్రపోయింది. అప్పుడు దేవుడు నాతాను ప్రవక్తను పంపాడు. నాతాను ధర్మశాస్త్రం చదివి వినిపించలేదు, ఒక కథ చెప్పాడు. ధనవంతుడికి గొర్రెల మందలున్నాయి. పేదవానికి ఒక్క ఆడ గొర్రెపిల్ల. అది అతని బిడ్డలతో కలిసి పెరిగింది, అతని గిన్నెలో తాగింది, అతని కౌగిట పడుకుంది. ధనవంతుని ఇంటికి అతిథి వచ్చాడు. తన మందను ముట్టుకోకుండా ఆ పేదవాని గొర్రెపిల్లను పట్టుకొచ్చి వండించాడు. దావీదు మండిపడ్డాడు. ఆ ధనవంతుడు వేరెవరో కాదు, నువ్వేనని నాతాను అప్పుడు వేలు చూపించాడు.

ఆ గొర్రెపిల్ల ఏ ఊళ్లోనూ లేదు. అది కల్పన. కానీ అబద్ధం కాదు. ప్రియులారా, కల్పన వేరు, అబద్ధం వేరు. మన ప్రభువు చెప్పిన మంచి సమరయుడు కూడా కల్పనే. లేని మనిషిని చూపించి, ఉన్న నిజాన్ని కళ్లకు కట్టడం కల్పన. ఉన్న మనిషిని చూపిస్తూ ఉన్న నిజాన్ని కప్పేయడం అబద్ధం. అలా చూస్తే ప్లేటో భయపడినట్టు కళ ఎప్పుడూ సత్యానికి దూరంగా ఉండదు. కొన్నిసార్లు కళ్లముందున్న సంగతిని చూడలేని మనిషికి సత్యం దగ్గరికి దారి అదొక్కటే.

నాతాను కథ మూడు పనులు చేసింది. మొదటిది, దావీదు అడ్డు తొలగించుకున్న మనిషిని ప్రేమించగల, నష్టపోగల మనిషిగా చూపించింది. రెండవది, వింటున్నవాడు తప్పించుకోకుండా అతణ్ణి కథలోకి తెచ్చి నిలబెట్టింది. మూడవది, కన్నీళ్ల దగ్గర ఆగిపోలేదు. దావీదు పాపం ఒప్పుకున్నాడు, దాని ఫలితాన్ని కూడా భరించాడు. కళ నిజమైనదో కాదో తెలుసుకోవడానికి ఈ మూడూ కొలబద్దలుగా పెట్టుకుందాం. చరిత్రలో రెండు ఉదాహరణలు చూద్దాం.

బానిసల ఓడ, భక్తుని పాట

"అమేజింగ్ గ్రేస్" అనే ఇంగ్లీషు కీర్తన మీకు తెలుసు. దాన్ని రాసిన జాన్ న్యూటన్ ఆఫ్రికా నుండి బానిసలను తీసుకెళ్లే ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. 1748లో సముద్రంలో తుపాను చెలరేగినప్పుడు దేవునికి మొరపెట్టాడు. అక్కడ ఆయన మారుమనస్సు మొదలైంది. కానీ మనం తరచుగా చెప్పని సంగతి ఒకటుంది. ఆ తరువాత కూడా ఆయన బానిస ఓడలు నడిపాడు. 1754లో ఆరోగ్యం చెడిన తరువాతే సముద్రం విడిచాడు. 1764లో ఓల్నీ అనే ఊరిలో సంఘ కాపరి అయ్యాడు. ఈ కీర్తనను 1773 జనవరి 1వ తేదీ ఆరాధన కోసం సిద్ధం చేశాడు.

ఆ పాట అబద్ధమా? కాదు. పాపి తన పాపాన్ని, దేవుని కృపను ఒప్పుకున్న సాక్ష్యమది. కానీ ఆ పాటలో ఓడ అడుగున గొలుసులతో పడుకున్న మనుషులు లేరు. న్యూటన్ బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ, అందులో తన పాలు ఒప్పుకుంటూ పుస్తకం అచ్చువేసింది 1788లో. సముద్రం విడిచిన 34 ఏళ్లకు! తన ఒప్పుకోలు ఆలస్యంగా వచ్చిందని ఆయనే అందులో రాశాడు. దేవుని యెదుట నేను పాపినని పాడడం సులువు. ఎవరి యెడల ఏ పాపం చేశానో పేరుపెట్టి చెప్పడానికి ఆయనకు ఒక జీవితకాలం పట్టింది. మనకెంత కాలం పడుతుంది?

ఆ రోజుల్లోనే మరి రెండు బొమ్మలు ఇంగ్లండును కదిలించాయి. 1787లో బానిస వ్యాపార నిర్మూలన సంఘం లండన్‌లో ఏర్పడింది. అందులో సభ్యుడైన జోసయా వెడ్జ్‌వుడ్ పింగాణీ పాత్రలు చేయించే వ్యాపారి. సంకెళ్లతో మోకరించిన ఆఫ్రికా మనిషి రూపంతో, "నేను మనిషిని కానా? సహోదరుణ్ణి కానా?" అని అడుగుతున్నట్టు చిన్న పతకాలు చేయించి పంచాడు. స్త్రీలు వాటిని చేతి గొలుసుల్లోనూ తలపిన్నుల్లోనూ పొదిగించుకున్నారు. రెండవది బ్రూక్స్ అనే ఓడ బొమ్మ. 1788, 1789 సంవత్సరాల్లో అచ్చయిన ఆ చిత్రంలో ఓడ అడుగున నాలుగు వందలకు పైగా మనుషులను కట్టెలు పేర్చినట్టు ఎలా పడుకోబెడతారో లెక్కప్రకారం గీశారు. అందులో అలంకారం లేదు, కన్నీళ్లు లేవు. కొలతలు మాత్రమే ఉన్నాయి. టీలో చక్కెర వేసుకుంటున్న వారికి ఆ చక్కెర ఎక్కడినుండి వస్తోందో ఆ బొమ్మ చూపించింది.

1807లో బ్రిటన్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించింది. న్యూటన్ ఆ చట్టాన్ని చూసి అదే సంవత్సరం డిసెంబరులో కన్నుమూశాడు. బ్రిటిషు వలసల్లో బానిసత్వాన్నే రద్దుచేసే చట్టం 1833లో వచ్చింది. బొమ్మలే చట్టాన్ని తెచ్చాయని నేను అనడం లేదు. విల్బర్‌ఫోర్స్ వంటి వారు ఇరవై ఏళ్లు పార్లమెంటులో పోరాడారు. లక్షలమంది పిటిషన్ల మీద సంతకాలు చేశారు. బానిసలే తిరుగుబాట్లు చేశారు. కానీ సంతకం చేసే చేతికి ముందు కన్ను తెరవాలి. ఆ పని బొమ్మ చేసింది.

అయినా ఆ పతకంలో ఒక లోపం ఉంది. అందులోని మనిషి మోకరించి ఉన్నాడు. దయ చూపమని అడుగుతున్నాడు. తన కథ తాను చెప్పడం లేదు. ఆ లోటు తీర్చినవాడు ఒలౌడా ఎక్వియానో. బానిసగా అమ్ముడై, తరువాత తన విడుదలను తానే కొనుక్కున్న ఆయన 1789లో తన జీవితచరిత్ర తానే రాసి అచ్చువేశాడు. పొరుగువాని గురించి మనం మాట్లాడడం ఒక మెట్టు. పొరుగువాడు మాట్లాడుతుంటే మనం వినడం అంతకంటే పై మెట్టు.

గబ్బిలం చేత కబురు

ఆ పై మెట్టుకు ఉదాహరణ వెదుక్కుంటూ ఇంగ్లండు వెళ్లనక్కరలేదు. మన తెలుగువారిలోనే ఉంది. మహాకవి గుర్రం జాషువ 1895లో వినుకొండలో పుట్టాడు. క్రైస్తవ కుటుంబం. తల్లి మాదిగ, తండ్రి యాదవుడు. చదువుకునే రోజులనుండి కులం పేరుతో అవమానాలు పడ్డాడు. ఉపాధ్యాయుడయ్యాడు. మూగ సినిమాల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే ఉద్యోగం కూడా చేశాడు.

1941లో ఆయన "గబ్బిలం" కావ్యం వెలువడింది. సంస్కృతంలో కాళిదాసు మేఘదూతం రాశాడు. అందులో ఒక యక్షుడు దూరాన ఉన్న భార్యకు మేఘం చేత కబురు పంపుతాడు. అది విరహం. జాషువ కావ్యంలో కబురు పంపేవాడు తంజావూరు ప్రాంతంలోని అంటరాని పేదవాడు. పంపేది భార్యకు కాదు, కైలాసంలోని శివునికి. చెప్పుకునేది విరహం కాదు, ఆకలి, అవమానం. దూత మేఘం కాదు, గబ్బిలం. ఎందుకు? గబ్బిలాన్ని జనం అశుభమంటారు. అయినా అది గుడిలోకి పోగలదు, దేవుని చెవి దగ్గర వేలాడగలదు. దేవుడు సృజించిన మనిషి మాత్రం గడప దాటలేడు. ఈ ఒక్క ఊహలో మన సమాజపు నిజమంతా ఉంది. పెద్ద ఉపన్యాసం చెప్పలేని మాటను ఒక చిన్న జీవి మోసుకెళ్లింది.

ఇప్పుడు నాతాను కొలబద్దలు పెట్టి చూడండి. పేదవాడు ఇందులో మనిషిగా కనబడుతున్నాడా? కనబడుతున్నాడు, తన నోటితో తానే మాట్లాడుతున్నాడు. చదివేవాడు తప్పించుకోగలడా? తప్పించుకోలేడు. పండితుడు గౌరవించే ఛందస్సులోనే, పండితుడు ఎరిగిన దూతకావ్యం పద్ధతిలోనే రాసి, ఇది కవిత్వం కాదనే వీలు లేకుండా చేశాడు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి వంటి మహాపండితుడు జాషువ కాలికి గండపెండేరం తొడిగాడంటే ఆ కాలంలో అది చిన్న సంగతి కాదు.

మూడవ కొలబద్ద, ఫలితం. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 17వ అధికరణలో అంటరానితనాన్ని రద్దుచేసింది. దాని వెనుక డాక్టర్ అంబేద్కర్ వంటి వారి పోరాటం, ఎందరో పేరు తెలియనివారి కష్టం ఉంది. కవిత్వం ఆ పోరాటానికి బదులు కాలేదు, తోడైంది. అయినా 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల రక్తం చిందింది. చట్టం వచ్చినంత మాత్రాన చూపు మారదని ఆ ఊళ్ల పేర్లు మనకు చెబుతున్నాయి. అందుకే "గబ్బిలం" పని ఇంకా పూర్తి కాలేదు.

మనం సిగ్గుపడవలసిన సంగతి కూడా ఒకటుంది. ఊరు జాషువను కులం పేరుతో దూరం పెట్టింది. సంఘంవారు, క్రైస్తవుడై ఉండి పురాణ కథలు రాస్తున్నాడని దూరం పెట్టారు. తరువాత ఆయన "క్రీస్తు చరిత్ర" రాశాడు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971లో ఆయన కన్నుమూశాడు. ఇప్పుడు మావాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. మంచిదే. కానీ ప్రవక్తల సమాధులను అలంకరించేవారిని గురించి మత్తయి 23వ అధ్యాయంలో ప్రభువు ఏమన్నాడో కూడా చదువుకోవాలి.

మన పాటలు, మన నాటకాలు

ఇక మన సంగతికి వద్దాం. మన క్రిస్మస్ నాటకాల్లో దయ్యానికి ఏ రంగు పూస్తున్నాం? నలుపు. దేవదూతగా ఎవరిని నిలబెడుతున్నాం? తెల్లగా ఉన్న పిల్లను. నవ్వించడానికి ఎవరిని తెస్తున్నాం? పల్లె యాసలో మాట్లాడే తాగుబోతు పనివాణ్ణి. అందరూ నవ్వుతారు. ముందు వరుసలో చాప మీద కూర్చున్న నల్లని చిన్నపిల్ల ఏం నేర్చుకుంటోంది? ఆ పనివాని మాటలాగే మాట్లాడే తండ్రి పక్కన కూర్చున్న కుర్రవాడు ఏమనుకుంటున్నాడు? ఎవరూ చెడు తలంపుతో చేయలేదు. కానీ అది పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యమే, అదీ దేవుని మందిరంలో. ఈసారి నాటకం వేసే యౌవనస్థులు ఈ మాట ఆలోచించండి. బేత్లెహేము గొర్రెల కాపరులు కూడా ఆ కాలపు కూలివాళ్లే. వార్త మొదట విన్నది వాళ్లే.

మన పాటలను కూడా పరీక్షించుకుందాం. కీర్తనల గ్రంథంలో సుమారు మూడవ వంతు మొరలు, విలాపాలు. ఆకలిగొన్నవారు, అన్యాయానికి గురైనవారు దేవుణ్ణి నిలదీసి అడిగిన పాటలవి. మన పాటల పుస్తకం తీసి లెక్కపెట్టండి. అలాంటివి ఎన్ని ఉన్నాయి? సంతోషగీతాలు వద్దనడం లేదు. కానీ పంట పోయి అప్పులపాలైన రైతు, కొడుకును పోగొట్టుకున్న తల్లి మన మధ్యే కూర్చుని ఉండగా, అన్నీ సంతోషగీతాలే పాడితే వారి దుఃఖం లేదని చెప్పినట్టే. ఆమోసు 5వ అధ్యాయంలో, న్యాయం లేని చోట మీ పాటల శబ్దం నాకు వద్దని దేవుడు ఎందుకన్నాడు? రాగం తప్పిందని కాదు. గుమ్మం దగ్గర దరిద్రులను తొక్కి లోపల స్వరమండలం వాయిస్తున్నారని. పాట పాడే నోరు, తీర్పు చెప్పే నోరు ఒకటే కదా.

మనం కూడా ప్రభువు బల్ల దగ్గర ఒకే శరీరమని పాడుతున్నాం. ఇంటికి వెళ్లి పిల్లల పెళ్లి సంబంధం మాట వస్తే మొదట కులమే అడుగుతున్నాం. అప్పుడు ఆ పాట ఏమైనట్టు? పాట చెప్పేది సత్యమే. మన జీవితం దాన్ని అబద్ధం చేస్తోంది. పాట మార్చవలసిన పని లేదు. మారవలసింది మనం.

ప్రియులారా, సత్యం అంటే సిద్ధాంతం మాత్రమే కాదు. యోహాను 14:6లో ప్రభువు తానే సత్యమని చెప్పాడు. వాక్యం శరీరధారి అయింది, మన మధ్య నివసించింది. దేవుడు మనకు అర్థం కావాలని కంటికి కనబడే, చేతికి తగిలే, చెవికి వినబడే రూపంలో వచ్చాడు. సిలువ మీద వేలాడిన ఆ రూపం అందమైనది కాదని యెషయా 53వ అధ్యాయం చెబుతోంది. కానీ దానికంటే నిజమైన సాక్ష్యం లోకంలో లేదు. అక్కడ మన పాపం ఎంతటిదో కనబడింది, దేవుని ప్రేమ ఎంతటిదో కనబడింది, బాధపడే మనిషి పక్షాన దేవుడున్నాడని కనబడింది.

ఈ వారం ఒక పని చేయండి. వచ్చే ఆదివారం మీరు పాడబోయే పాటల్లో ఒకదాన్ని తీసుకొని ఇంటిల్లిపాదీ కూర్చుని నెమ్మదిగా చదవండి. ఇది నా పొరుగువాణ్ణి నాకు చూపిస్తోందా? నన్ను నాకు చూపిస్తోందా? పాడిన తరువాత సోమవారం నేను ఏం చేయాలి? ఈ మూడు ప్రశ్నలు అడగండి. మీ సంఘంలో పద్యం రాసే కుర్రవాడు, బొమ్మలు గీసే అమ్మాయి ఉంటే వారిని పిలిచి కూర్చోబెట్టి వినండి. వారు రాసింది మీకు గుచ్చుకున్నా వినండి.

ప్రార్థించుదము. సత్యస్వరూపివైన తండ్రీ, బెసలేలుకు నేర్పు ఇచ్చిన నీవు మా చేతులకు, మా గొంతులకు నేర్పు ఇచ్చావు. వాటితో మా పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలికిన దినములను క్షమించుము. నాతానువంటి వారిని మా మధ్య లేపుము. వారు వచ్చినప్పుడు దావీదువలె తలవంచే మనస్సు మాకు దయచేయుము. మేము పాడినదాని ప్రకారము బ్రదుకునట్లు మాకు సహాయము చేయుమని యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.